మంచిరోజు కుదిరిన కారు

మహీధర్ కొన్న, కండబలానికి పేరుపడ్డ పాత అమెరికన్ మజిల్ కారుకి సింగపూర్‌లో ఏడాదికి నలభై అయిదు రోజులే రోడ్డెక్కే అనుమతి. ఆ కాస్తకీ అమావాస్య, మంగళవారం, వర్జ్యం అంటూ పదకొండు నెలలు వాయిదా వేశాడు మహానుభావుడు.

ఇవాళ ముహూర్తం కుదిరింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. భార్య వసుంధర పెద్ద పెట్టెతో కిందికి దిగింది.

"సెంటోసా దీవికి షికారు పోడానికి ఇంత పెట్టెందుకే?" అని నవ్వి తాళం తిప్పాడు.

ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఒక్కసారి దగ్గి ఊరుకుంది.

"మజిల్ కారట! నిమ్మకాయ నలపలేకపోయింది," అంది వసుంధర.

"బ్యాటరీ డౌన్ అయింది, అంతే. మళ్ళీ మంచిరోజు చూస్తాను."

"మన పెళ్ళికీ ఇలాగే చూశారుగా!" వసుంధర పెట్టె లాక్కుంటూ ట్రైన్ స్టేషన్ వైపు కదిలింది. "ఎయిర్‌పోర్టుకి ఒక్కదాన్నే పోగలను. నేను తిరిగొచ్చేందుకు మాత్రం పంచాంగం తిరగేయకండి."