సగం స్పాంజి

గురువారం పొద్దున్న ఆయన లేచి హాల్లోకి వచ్చేసరికి దొరసాని నీటిపైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. మొప్పలు ఎర్రగా కందిపోయాయి. మేత వేస్తే కన్నెత్తి కూడా చూడలేదు.

దొరసాని ఏడేళ్ల బంగారు చేప. ఆయన భార్య దాన్ని కన్నకూతురిలా చూసుకుంటుంది. సోమవారం ఆవిడ చెల్లెలింటికి వెళ్ళింది, ఆదివారం వస్తుంది. "తొట్టి జోలికి మాత్రం వెళ్ళకండి" అని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కొచ్చి మరీ చెప్పింది.

వెళ్ళకుండా ఎలా ఉంటాడు? ఆసుపత్రిలో ఆపరేషన్ గదులను ముప్పై ఏళ్ళు శుభ్రం చేయించిన సూపర్‌వైజరు ఆయన. ఆయన డ్యూటీలో ఉంటే ఈగ కూడా కాళ్ళు తుడుచుకునే లోపలికి వచ్చేదని డాక్టర్లు చెప్పుకునేవారు. మంగళవారం తొట్టి పని పట్టాడు. గులకరాళ్ళను పావుగంట మరిగించాడు. ప్లాస్టిక్ మొక్కల ఆకుల సందులను పాత టూత్‌బ్రష్‌తో తోమాడు. చేపకు సబ్బు పడదని తెలుసు కనుక అద్దాల మీది పాచిని ఉప్పుతో, వేడినీళ్ళతో వదలగొట్టాడు. ముందురోజే పట్టి ఉంచిన నీళ్ళు పోశాడు. ఆ పనితనానికి ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెట్టాల్సిందే, నేనైతే పెడతాను.

ఫిల్టరు విప్పితే లోపలి స్పాంజి బొగ్గులా నల్లగా ఉంది. పైగా సగమే ఉంది, కత్తెరతో తిన్నగా కోసిన సగం. "స్పాంజి దగ్గర కూడా పిసినారితనమేనా" అని భార్యను విసుక్కుని, దాన్ని చెత్తబండిలో పడేసి కొత్తది పెట్టాడు.

ఇంత చేస్తే దొరసాని ఇలా అయింది. కాళ్ళూ చేతులూ ఆడక చేపల కొట్టుకు ఫోన్ చేశాడు.

కొట్టతను అంతా విని, "పాత స్పాంజి ఏం చేశారు?" అన్నాడు.

"పారేశాను. నల్లగా ఉంది."

"ఆ నలుపే సార్ దాని ప్రాణం. చేప వదిలే విషాన్ని తినేసే సూక్ష్మజీవులు ఆ మురికిలోనే ఉంటాయి. ఇప్పుడది తన విషంలో తనే ఈదుతోంది. ముందు సగం నీళ్ళు మార్చండి. కానీ కొత్త స్పాంజికి ఆ జీవులు పట్టాలంటే నెల పడుతుంది."

"నెల ఆగుతుందా?"

"రెండు రోజులు ఆగితే గొప్ప."

"పోనీ, మీ కొట్టులోది ఒకటి ఇవ్వండి."

"ఇవ్వను సార్. నా తొట్లలోకి రోజూ కొత్త చేపలొస్తాయి. దేనికే జబ్బుందో నాకే తెలీదు. ఎవరింట్లోనైనా చేపలు బాగున్న తొట్టి ఉంటే అందులో మురికి స్పాంజి ఒక ముక్క అడిగి తెచ్చుకోండి."

మురికి అడుక్కోవడం. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన కలలో కూడా అనుకోని పని. పైగా ఆయనకు తెలిసిన తొట్టి ఒక్కటే ఉంది, కింది వాటాలో బట్టలు కుట్టే అమ్మాయి మిషను పక్కన. పోయిన నెలే దాన్ని చూసి, "ఏంటమ్మా, మురిక్కాలవలా ఉంచావు" అని ముఖం మీదే అన్నాడు. ఇప్పుడు అక్కడికే వెళ్ళాలంటే తల కొట్టేసినట్టుంది. తొట్టి వైపు చూశాడు. దొరసాని ఒక పక్కకు ఒరుగుతోంది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు.

"అమ్మాయ్, నీ తొట్టిలో... ఆ నల్ల స్పాంజి ఉంటుంది చూడు... అది కొంచెం..."

ఆమె మిషను ఆపింది. ఎందుకని అడగలేదు. నవ్వనూ లేదు. చేయి తొట్టిలోకి పెట్టి, ఫిల్టరు పక్కన ఇరికించి ఉన్న నల్లటి ముక్క తీసి, ఆ తొట్టి నీళ్ళే పోసిన డబ్బాలో వేసి ఇచ్చింది.

"కడక్కండి బాబాయిగారూ."

"కడగనమ్మా," అన్నాడాయన బుద్ధిగా.

పైకొచ్చి సగం నీళ్ళు మార్చి, ఆ ముక్కను ఫిల్టరులో కొత్తదాని పక్కన దూర్చాడు. ఆ రోజూ మర్నాడూ కుర్చీ లాక్కుని తొట్టి ముందే కూర్చున్నాడు. అద్దం మీద వేలిముద్ర కనిపించినా తుడవలేదు. అది ఆయనకెంత కష్టమో ఆయన భార్యకే తెలియాలి. శనివారం మధ్యాహ్నం దొరసాని మెల్లగా అడుక్కి దిగింది. గులకరాళ్ళను మూతితో పొడిచింది. మేత వేస్తే గబుక్కున అందుకుంది. ఆయన కళ్ళు చెమర్చాయి.

వెంటనే కిందికి వెళ్ళాడు.

"బతికించావు తల్లీ. నీ తొట్టిని నానా మాటలూ అన్నాను, మనసులో పెట్టుకోకు. అవసరానికి ఉంటుందని మురికి ముక్క విడిగా దాచావు చూడు, నీ అంత ముందుచూపున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు." గొంతు తగ్గించాడు. "ఈ సంగతి మీ పిన్నికి మాత్రం చెప్పకేం?"

ఆమె దారం పళ్ళతో తెంపి, తల పైకెత్తింది.

"ఆ ముందుచూపు నాది కాదు బాబాయిగారూ, కత్తెర ఒక్కటే నాది. ఊరెళ్ళే రోజు పొద్దున్న పిన్నే మీ స్పాంజి తెచ్చి, సగానికి కోసి, ఒక ముక్క నా తొట్టిలో పెట్టి వెళ్ళారు. 'మంగళవారం కడిగేస్తారు, గురువారానికి నీ గుమ్మంలో ఉంటారు, పాపం, ఏమీ అడక్కుండా ఇచ్చెయ్' అన్నారు."