ముప్పై ఎనిమిది నిమిషాలు

విమానాశ్రయం గోడలకు సున్నం వేసిన రోజున ఎంక్వైరీ కిటికీ పక్కనుండే అట్ట పోయింది.

ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లో, విమానం ఎంతసేపు ఎగురుతుందో చేత్తో రాసిన పాత అట్ట అది. కొత్తగా చేరిన క్లర్కు ఉద్యోగమంతా దాని మీదే నడుస్తోంది.

మర్నాడు పొద్దున్నే కిటికీ ముందు వరస కట్టారు.

"కొండవతలి ఊరికి ఎంత దూరమండీ?" ముందున్నామె అడిగింది.

క్లర్కు టైంటేబుల్ తిరగేశాడు.

"దూరం... ఉంటుందండీ, బాగానే. టైమైతే గంటా అయిదు నిమిషాలు."

"రెండువందల పద్నాలుగు కిలోమీటర్లమ్మా," వెనక నుంచి గుడ్డసంచీ పెద్దాయన అందుకున్నాడు. "గాల్లో ముప్పై ఎనిమిది నిమిషాలే. మిగతాది పరువు కోసం కలుపుతారు. అలా కలిపితేనే గదా, ఎప్పుడూ టైముకి దిగేది!"

అందరూ నవ్వారు. క్లర్కుకు ఒళ్ళు మండింది.

"ఎన్నిసార్లు ఎక్కారేంటి తాతగారూ?"

"ఒక్కసారీ లేదు బాబూ. ఇన్నేళ్ళకి ఇవాళ కుదిరింది. ఆ కొండవతలి ఊరికే, పదింటి విమానం." ఆయన టికెట్ చూపించి, చేతి గడియారానికి కీ ఇచ్చుకున్నాడు.

"దిగితేనే గదా లోతు తెలిసేది! గట్టునుంచే చెప్పేస్తున్నారే!" అన్నాడు క్లర్కు.

"అందుకే దిగుదామని వచ్చాను."

వరస మెల్లగా ఆయన వైపు తిరిగింది.

"తాతగారూ, మా ఊరికి?"

"బాబాయ్, ఎదురుగాలి ఉంటే?"

"ఆరు నిమిషాలు కలుపుకో."

మధ్యలో ఒక పాత కవరు మీద ఊళ్ళూ నిమిషాలూ రాసి క్లర్కుకు అందించాడు. "ఇంద, కిటికీకి అంటించుకో. పనికొస్తుంది."

మైకులో పదింటి విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది. పెద్దాయన ఎవరికో దూరం చెబుతున్నాడు.

క్లర్కు విన్నాడు. చెబుదామని నోరు తెరిచాడు.

"ఈయన్నే లోపల కూర్చోబెట్టండయ్యా!" అన్నారెవరో.

క్లర్కు నోరు మూసుకున్నాడు.

కాసేపటికి అద్దంలోంచి విమానం లేవడం కనిపించింది.

"తాతగారూ, మీది వెళ్ళిపోయినట్టుందే!"

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "టైముకే లేచింది," అన్నాడు. "ఇక్కడ నిలబడితే నాకు పొద్దే తెలియదు."

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. సరిగ్గా ముప్పై ఎనిమిది నిమిషాల తర్వాత లేచాడు.

"దిగి ఉంటుంది," అని చెప్పి సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆయన ఇల్లెక్కడో ఎవరూ అడగలేదు.

వారం తర్వాత బీరువా జరిపితే, వెనక అట్ట దొరికింది. క్లర్కు దుమ్ము దులిపి, కిటికీకి అంటించిన కవరు పక్కన ఆనించాడు.

రెండింటి మీదా ఒకటే దస్తూరి.

అట్ట అడుగున ఇరవై ఏడేళ్ళ కిందటి తేదీ, 'ఎంక్వైరీ క్లర్కు' అని సంతకం. ముప్పై ఎనిమిది పక్కన పెన్సిలుతో చిన్నగా, 'పైలట్లు చెప్పింది. ఒకసారి ఎక్కి సరిచూడాలి.'