మూడో కోట గోడ

“తలుపు లేదని నీ నోటితో నువ్వే చెప్పాల,” అన్నాడు సాంబశివరావు.

పట్టుకున్న దావూద్ చెయ్యి అతను వదల్లేదు. సైన్‌బోర్డు రాసుకుంటున్నవాణ్ణి తడి కుంచెతో సహా లేపి, మాచర్ల బస్టాండు మీదుగా తన వీడియో గేముల షాపు వైపు లాక్కుపోతున్నాడు.

సాంబశివరావుకు ఉన్నవి రెండు మిషన్లు. ఒకదాంట్లో కోట ఆట, రెండోదాంట్లో దాని రెండో భాగం. మిషన్ల మీద ఇంగ్లీషులో ఏం రాసివున్నా ఊరంతా దాన్ని ‘కోటాట’ అనే అంటుంది. ఆ ఆటనే దావూద్ బొమ్మల కథగా గీసి, నెలకో పుస్తకం తెస్తున్నాడు. మొదటి భాగం కథ అయిపోయి రెండో భాగం నడుస్తోంది.

గొడవ అక్కడే వచ్చింది. రెండో భాగంలో కత్తి పట్టిన వీరుడు మూడో కోట గోడ దాకా వెళ్తాడు, అక్కడ రాక్షసుల చేతిలో చస్తాడు. అది దాటించినవాడు ఇంతవరకూ లేడు. కానీ పుస్తకంలో కథ ముందుకు నడవాలి కదా. అందుకని దావూద్ ఆ గోడలో ఒక తలుపు గీశాడు. వీరుడు ఒక రాయిని భుజంతో గుద్దాడు, తలుపు తెరుచుకుంది.

పుస్తకం వచ్చిన రోజు నుంచి షాపులో అందరూ గోడను గుద్దడమే పని. తలుపు తెరుచుకోలేదు. సాంబశివరావు తెచ్చింది డూప్లికేట్ మిషననీ, అసలుది గురజాలలో ఉందనీ ఎవరో పుకారు పుట్టించారు. జనం బస్సెక్కి గురజాల వెళ్లి ఆడుతున్నారు. ఇంకో నెల ఇలాగే నడిస్తే షాపు ఎత్తేయాల్సిందే.

దావూద్ దారంతా బతిమాలాడు. ఆ తలుపు వల్లే పుస్తకం అమ్ముడుపోతోందన్నాడు. అది ఉత్తదని తెలిస్తే నరసరావుపేట ప్రెస్సు వాళ్లు వచ్చే నెల నుంచి అచ్చు వేయరన్నాడు.

“పుస్తకం ఆగితే నీకు బోర్డులున్నయ్యి. మిషన్లు ఆగితే నాకేముంది?” అన్నాడు సాంబశివరావు.



షాపులో అంకారావు ఆడుతున్నాడు. నాపరాళ్ల క్వారీలో పని అతనిది. వెనకాల పదిమంది మూగి, తెర మీద గోడనే చూస్తున్నారు.

“కింద నుంచి రెండో వరసలో ఆ రాయి చూడండి,” అంటున్నాడు అంకారావు. “రంగు తేలిపోయింది. వెనకాల గుల్లగా ఉంటేనే రాయి అట్టా ఉంటది. క్వారీలో రోజూ చూసేదేగా.”

“గోడకి తల కొట్టుకోటానికి డబ్బులిచ్చేవోళ్లని ఇక్కడే చూశా,” అంది పక్క టీ బంకు కొండమ్మ, గ్లాసులు ఏరుకుంటూ.

సాంబశివరావు అందరినీ ఇటు తిరగమని, దావూద్‌ను ముందుకు తోశాడు.

“ఆ తలుపు లేదన్నా,” అన్నాడు దావూద్ తలొంచుకుని. “కథ ఆగిపోతంటే నేనే గీశా. ఆటలో నేను కూడా ఎక్కడా చూళ్లా.”

అంకారావు హ్యాండిల్ వదిలేశాడు. తెర మీద వీరుడు చచ్చిపోయాడు. అటు ఎవరూ చూడలేదు.

“సాంబశివరావు ఏమని బెదిరించాడు నిన్ను?” అడిగాడు అంకారావు నెమ్మదిగా.

తననెవరూ ఏమీ అనలేదని, ఇది నిజమని దావూద్ చెప్పాడు. లారీ మెకానిక్ గులాం మొహిద్దీన్ ముందుకొచ్చి అతని మణికట్టు పట్టుకుని అందరికీ చూపించాడు. వేళ్ల అచ్చులు ఎర్రగా తేలి ఉన్నాయి.

“పనిలో ఉన్నోణ్ణి కుంచెతో సహా ఈడ్చుకొచ్చి మరీ చెప్పిస్తన్నాడు,” అన్నాడు గులాం. “లేని తలుపుకి ఇంత కష్టం ఎందుకంట?”

దావూద్ తన పిల్లల మీద ఒట్టేశాడు. దాంతో ఇంకా చెడింది.

“పిల్లల మీద ఒట్టేయించేదాకా వచ్చిందంటే, దాని వెనకాల ఏదో చానా పెద్దదే ఉంది,” అన్నాడు అంకారావు.

కావాలంటే కాగితం తెమ్మన్నాడు దావూద్. ఇప్పటికిప్పుడు అదే గోడలో ఇంకో నాలుగు తలుపులు గీసి చూపిస్తానన్నాడు.

“ఉన్న ఒక్కదాన్నీ కనపడకుండా చెయ్యటానికి నాలుగు గీయమన్నాడా?” అన్నాడు గులాం.

సాంబశివరావు అరిచాడు, దణ్ణం పెట్టాడు, మిషన్ వెనక చెక్క ఊడదీసి లోపలి వైర్లు చూపించాడు. వైర్లు చూసి గులాం, తలుపు వైరు ఎప్పుడు కత్తిరించావని అడిగాడు. గురజాల బస్సు హారన్ కొట్టేసరికి షాపు ఖాళీ అయింది. వెళ్తూ వెళ్తూ అంకారావు దావూద్ భుజం తట్టాడు.

“నీ ఇబ్బంది మాకు తెలుసులే. పుస్తకం మాత్రం ఆపమాక.”

బస్సు కదిలింది. రెండు మిషన్లూ ఎవరూ లేని షాపులో వాటి పాటికవి పాట పాడుకుంటున్నాయి. సాంబశివరావు షట్టర్ సగం దించాడు. కొడతాడనుకుని దావూద్ గోడ వైపు జరిగాడు.

సాంబశివరావు అతని పక్కనుంచే వెళ్లి, మిషన్ ముందు స్టూలు మీద కూర్చున్నాడు. రూపాయి బిళ్ల వేశాడు. వీరుణ్ణి మూడో కోట గోడ దాకా జాగ్రత్తగా నడిపించి, వెనక్కి తిరక్కుండానే గొంతు తగ్గించి అడిగాడు.

“వాళ్లు పోయార్లే దావూదూ. ఇప్పుడన్నా చెప్పు. ఏ రాయి?”