వంతకు విడిచిన జాగా

అత్వెల్లిలో పొలాలు ప్లాట్లయిన చోట, కొత్త ఇంటి మేడగదిలో కూర్చుని తృప్తి ఇతరుల పాటలను కోసి, సాగదీసి, ఎలక్ట్రానిక్ మోతలతో మళ్లీ అల్లుతుంది. ఈ రాత్రి కీసర రాధమ్మ పాడిన వరినాట్ల పాటను పట్టుకుంది. ఏం గొంతది! ఏ మోత కలిపినా దాని ముందు వెలవెలబోతోంది.

ఒక్కో చరణానికీ రాధమ్మ వంత కోసం ఆగుతుంది. తనతో నాట్లేస్తూ వంత పాడిన వాళ్లెవరూ ఇప్పుడు లేరు. అయినా రికార్డింగులో అలాగే ఆగింది. "గా జాగలు తియ్యకు బిడ్డా, అవి మావోళ్లయి," అని తృప్తికి మరీ చెప్పింది.

దరువు బిగువుగా రావాలని తృప్తి ఆ ఖాళీలన్నిటినీ కోసేసింది.

వినబోతే ఖాళీలు మళ్లీ ఉన్నాయి. వాటి నిండా ఆడగొంతులు, బురదలో పాదాల చప్పుడు. అంత అందమైన వంత ఆమె ఎన్నడూ వినలేదు. మైమరచి విని, కాసేపటికి హెడ్‌ఫోన్స్ తీసింది.

వంత ఆగలేదు. కిటికీ అవతల ప్లాట్లలోంచి వస్తోంది.

తృప్తి రాధమ్మ పాటను ఆపేసింది. బయట వంత ముగిసింది. తర్వాతి చరణం కోసం చీకటంతా ఆగింది.

ఎవరో ఆప్యాయంగా పిలిచారు.

"ఇగ పాట నువ్వెత్తుకో బిడ్డా. నాటు ఇంకా మస్తు మిగిలింది."