తొమ్మిది మార్కులు

“ఈసారి కూడా ఆరు మార్కులే వేశారంటే, నా వాల్వుల్ని మీ చేత్తో చెత్తకుండీలో పారేసినట్టే!” అంది రెనాటా, కారు కిటికీ మీద తడుతూ.

వెర్లిన్ అద్దం దించాడు. “వణుకు ఉంటే ఆరు. లేకపోతే ఎక్కువ. నన్ను బతిమాలితే వణుకు పోతుందా అమ్మాయ్?”

“పదికి ఎనిమిది రాకపోతే ఈ వాల్వుల పని ఇవాళ్టితో ఆపేస్తామని పైవాళ్లు తేల్చి చెప్పేశారు. మూడేళ్ల కష్టం!”

“అయితే దేవుడికి దణ్ణం పెట్టుకో. నాకెందుకు పెడతావు?” అని అద్దం ఎక్కించేసి, కారును ట్రాక్ మీదికి తిప్పాడు.

మిషిగన్‌లోని ఆ పరీక్షా మైదానంలో మార్కులు వేసే రౌండుకు డ్రైవర్ ఒక్కడే వెళ్లాలి. తయారుచేసినవాళ్లు పక్కన కూర్చుంటే మొహమాటం అడ్డొస్తుందని ఆ నియమం. షాక్ అబ్జార్బర్లలో రెనాటా అమర్చిన వాల్వు నిజానికి ఒక చిన్న పింగాణీ బిళ్ల. కరెంటు అందితే ఉబ్బి నూనెకు దారి ఇస్తుంది, అందకపోతే మూసుకుపోతుంది. రోడ్డును బట్టి రెప్పపాటులో తెరుచుకుంటూ మూసుకుంటూ, కారు అడుగునుంచి వచ్చే సన్నటి వణుకును చంపెయ్యాలి. పెద్ద గతుకైతే ఎవరికైనా తెలుస్తుంది. ఈ సన్నటి వణుకును మాత్రం సీటు మెత్త మింగేస్తుంది, పాదాలకే దొరుకుతుంది. అది మనిషిని ఎంత విసిగిస్తుందో యంత్రాలు చెప్పలేవు కదా! అందుకే ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడ వెర్లిన్ పాదాలు చెప్పిందే తీర్పు.

ఇరవై నిమిషాలకు కారు తిరిగొచ్చింది. వెర్లిన్ దిగి, మార్కుల చీటీ రెనాటా చేతిలో పెట్టాడు.

“తొమ్మిదా!” రెనాటా చీటీని కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూసింది. “మీ ఆవిడ వంటకే ఏడు దాటనివ్వరని అందరూ అంటారే!”

“ఆవిడ వంటలో లోపాలున్నాయి మరి. దీంట్లో లేవు. పాదాల కింద చీమ కదిలినట్టు కూడా లేదు తల్లీ. ఇలాంటి బండి నేను ఎప్పుడూ నడపలేదు.”

రెనాటా ఆయన్ని కావిలించుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆయన కూడా కళ్లు తుడుచుకుని, చలికి కళ్లు నీళ్లు కారుతున్నాయని బుకాయించాడు.

ఆ సంబరంలోనే, రౌండు వివరాలు నమోదు చేసే పెట్టె తీసుకుందామని కారు డిక్కీ తెరిచింది. తెరిచి, అలాగే నిలబడిపోయింది. వాల్వులకు కరెంటిచ్చే వైరు ఊడి వేలాడుతోంది. పొద్దున చెమ్మ తుడవడానికి తనే లాగింది. తిరిగి పెట్టడం మర్చిపోయింది. అంటే రౌండంతా వాల్వులు మూసుకునే ఉన్నాయి! పాదాల కింద కారు అడుగు ఆగకుండా వణుకుతూనే ఉండి ఉండాలి.

నోరు మూసుకుని డిక్కీ మూసేస్తే సరిపోయేది. తొమ్మిది చేతిలో ఉంది, చూసినవాళ్లు లేరు. కానీ రెనాటా అలాంటి మనిషి కాదు. పైగా ఒళ్లు మండిపోయింది.

“ఇటు రండి! ఈ వైరు చూడండి. కరెంటే లేదు. ఇక దేనికి వేశారు తొమ్మిది?”

వెర్లిన్ ఆ వైరు వంక చాలాసేపు చూశాడు. “లేదా? నాకేమీ తెలియలేదే...”

“నాటకాలొద్దు! పాపం ఏడుస్తుందని జాలిపడి వేశారు. మీ జాలి ఎవడిక్కావాలి? మూడేళ్లుగా వేసిన ఆరులు కూడా ఇలాగే వేశారా? తోచినట్టు గీకేసి ఇంటికి పోయారా?”

“ఒట్టు అమ్మాయ్, వణుకు తెలియలేదు. నా జీవితంలో దొంగ మార్కు వెయ్యలేదు.”

“ఛీ! ఇంకా అబద్ధాలా?”

అక్కడే నిలబడి మేనేజర్ ప్రెంటిస్‌కు ఫోన్ చేసింది. తన పొరపాటు దాచలేదు, ఆయన తొమ్మిది కూడా దాచలేదు. ప్రెంటిస్ గొంతు ఇద్దరికీ వినపడింది. “వైరు పెట్టి రేపు మళ్లీ చేద్దాం, వేరే డ్రైవర్‌ని పంపిస్తా. వెర్లిన్‌ను మాత్రం ఇక కారెక్కనివ్వకు. మార్కు మీద నమ్మకం పోయాక ఆ మనిషి మనకెందుకు? తాళాలు తీసేసుకో.”

వెర్లిన్ వాదించలేదు. తాళాలు ఇస్తూ, “రేపు వైరు గట్టిగా బిగించు,” అన్నాడు. వణుకు పాదాలకు తెలియాలని ఎప్పుడూ వేసుకునే పల్చటి బూట్లతోనే, సామాను విప్పి పడేసిన చెక్కపెట్టెల మధ్యనుంచి, మంచు తొక్కుకుంటూ గేటు వైపు బయల్దేరాడు.

తాళాలు చేతిలో పడ్డాక రెనాటా కోపం నీరుగారిపోయింది. అంత మాట అనకుండా ఉండాల్సింది. జాలిపడటం కూడా ఒక నేరమేనా? పిలిచి క్షమాపణ అడగాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలియలేదు.

అప్పుడు కనపడ్డాయి మంచులో ఎర్రటి మచ్చలు. చెక్కపెట్టెల దగ్గర మొదలై, అడుగుకొకటి, ఎడమ వైపే. ఆయన ఎడమ కాలు ఎత్తినప్పుడల్లా బూటు అడుగున మేకు తల మెరుస్తోంది. మనిషి మాత్రం కుంటడం లేదు, తడబడటం లేదు, తిన్నగా నడిచి పోతున్నాడు.

“వెర్లిన్! ఆగండి, అడుగు వెయ్యకండి! కాల్లో మేకు దిగింది!” రెనాటా అరుస్తూ పరిగెత్తింది.

వెర్లిన్ ఆగాడు. కుడి కాలు పైకెత్తి, బూటు అడుగు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

“ఏ కాల్లో అమ్మాయ్?”