మూడు సీసాల రక్తం

"మూడు కుక్కలకూ ఒకటే జబ్బా? నేను నమ్మనమ్మా," అన్నాడు విభాగాధిపతి విజయేందర్.

"రక్తం అబద్ధం చెప్పదు సార్. గాయమైతే నెత్తురు గడ్డకట్టదు. మూడింటికీ అదే జన్యువు, అదే లోపం. రెండు కిలోమీటర్ల లోపలే మూడు దొరికాయంటే పెద్ద విశేషమే," అంది మధులత. ఆమెకు ప్రొఫెసర్ పదవి రావాలంటే ఈ జబ్బు మీద ఆమె రాసిన పరిశోధన పత్రంపై ఆయన సంతకం పడాలి.

"నువ్వు చూసినవా ఆ కుక్కల్ని?"

"లేదు సార్. మూడు క్లినిక్కుల నుంచి రక్తం సీసాల్లో వచ్చింది."

"అయితే ఆదివారం మూడింటినీ నా ముందర నిలబెట్టు. కళ్లతో చూసి సంతకం పెడతా."

ఆదివారం పదింటికి పంజాగుట్ట ల్యాబుకు యజమానులు ముగ్గురూ వచ్చారు. కుక్క ఒక్కటీ రాలేదు.

"మా బ్రూనో పొద్దున్నే ఇడ్లీలు తిని షికారుకెళ్లాడండీ. ఇంకా రాలేదు," అన్నారు మధురానగర్ రామ్మోహనరావు గారు.

"మా మల్లిగాడు సుత కనిపిస్తలేడు. తొమ్మిదింటికి బోటి తిన్నడు, పోయిండు," అన్నాడు యూసుఫ్‌గూడ దర్జీ రాజనర్సయ్య.

"మా లడ్డు అన్నం టైముకే వస్తడు మేడం," అంది అమీర్‌పేట హాస్టలు అమ్మాయి సుష్మిత.

రాజనర్సయ్యకు అనుమానం వచ్చింది. "మీ బ్రూనో ఎట్లుంటడు సార్?"

"గోధుమరంగండీ. ఎడమ చెవి మడత."

"తోక కొసకు తెలుపు?"

"అవును! మీకెలా తెలుసు?"

"అరె, గాడు మా మల్లిగాడు భాయ్!"

"కాదు, నా లడ్డు!" అని లేచింది సుష్మిత. "నెల సంది వాడితోని డైటింగ్ చేయిస్తున్న. సన్నబడ్తలేడేందిరా అనుకున్న!"

ముగ్గురూ నా కుక్కంటే నా కుక్కని కేకలేసుకున్నారు. మధులత కుర్చీలో కూలబడింది. ఆ ఒక్క జన్యువుతో ఆగకుండా ఇంకో పరీక్ష చేసి ఉంటే మూడు సీసాల్లోనూ ఒకే కుక్క రక్తమని అప్పుడే తేలిపోయేది. ఇప్పుడు సార్‌కు ఏ ముఖంతో చెప్పాలి?

అంతలో తలుపు తోసుకుని విజయేందర్ రానే వచ్చాడు. చేతిలో గొలుసు. గొలుసు చివర గోధుమరంగు కుక్క. చెవి మడత. ముగ్గురినీ చూసి తోక ఊపుతోంది.

"జరగండి, దూరం జరగండి!" అని అరిచాడాయన. "మా సీజర్ కొత్తోళ్లను అస్సలు దగ్గరికి రానియ్యడు."