లచ్చవ్వ యాది

“గీమెకు మతిమరుపా? అంతా నాటకం సార్. పరీక్ష జేసి రాసియ్యుండ్రి.” జగిత్యాల దవాఖానలో ఎస్సై తన లాఠీని డాక్టర్ బల్ల మీద పెట్టి మరీ అడిగాడు.

మొన్న తెలంగాణ కోసం కోరుట్ల రోడ్డు మీద వంటా వార్పు చేశారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకొని, అక్కడే బంతులు వేసి కూర్చుని తిన్నారు. బస్సులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ బంతుల్లో తిన్న ప్రతివాడి మీదా కేసు పెడతానని ఎస్సై పంతం పట్టాడు. వడ్డించింది లచ్చవ్వ. పేర్లు చెప్పమంటే మాత్రం “యాదికి లేదు సారూ” అంటోంది.

మనవరాలు సౌమ్య భయం వేరు. అన్న మహేశ్ కూడా ఆ బంతిలోనే తిన్నాడు. కేసయితే పాస్‌పోర్టు రాదు, గల్ఫ్ కొలువు గల్లంతే. అందుకే బస్సులో దారి పొడుగునా అవ్వకు నూరిపోసింది. “డాక్టర్ ఏమడిగినా ఒకటి రెండు చెప్పి ఊకో అవ్వా. మతి లేదని రాసి ఇడిసిపెడ్తరు.”

డాక్టర్ పురుషోత్తం రావు గడియారం చూసుకున్నాడు. “ఒక్క నిమిషం అవ్వా. నీకు తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పు. చెప్పింది మళ్ల చెప్పద్దు.”

“ఆవు... ఎద్దు...” అని లచ్చవ్వ ఆగిపోయింది. సౌమ్య ఊపిరి పీల్చుకుంది.

“పాపం, మతి పోయినట్టే ఉంది” అంటూ డాక్టర్ పెన్ను తీశాడు.

ఆ మాట ముసలమ్మకు ఎక్కడో తగిలింది. రోషం పొడుచుకొచ్చింది. “ఎవలికి పోయింది మతి? బర్రె, దున్నపోతు, గొర్రె, మేక, కుక్క, పిల్లి, కుందేలు, కొండెంగ, ముంగిస, ఉడుము, అడివిపంది, ఎలుగుబంటి, నక్క...” నక్క అన్నప్పుడు మాత్రం ఎస్సై మొహంలోకి చూసింది. సౌమ్య వెనక నుంచి గిల్లినా ఆగలేదు.

“చాలవ్వా, చాలు!” డాక్టర్ నవ్వేశాడు. “ఈమె మతికి ఏ ఢోకా లేదు.”

ఎస్సై మీసం దువ్వాడు. “విన్నరు గద సార్, మీరే సాక్షి. ఇగ చెప్పు ముసలవ్వా. మొదటి బంతిల ముందుగాల కూసున్నదెవడు?”

సౌమ్య కళ్లు గట్టిగా మూసుకుంది.

లచ్చవ్వ కొంగు తీసి నడుముకు దోపుకుంది. “నువ్వే గద సారూ! టోపీ ఒళ్లె వెట్టుకొని రెండుసార్లు పప్పు పోయించుకుంటివి. రాస్కో, మొదలు నీ పేరే!”